తలుపు అవతల

పాలకూర మడిలో సంగమ్మ పక్కన గొంతుక్కూర్చుని మాణిక్యం గడ్డి పీకుతున్నాడు. అప్పటికి అరగంట అయింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. వేళ్లకు తడిమట్టి అంటింది. సంగమ్మ గడ్డిపోచతో పాటు పాలకూర కూడా వేర్లతో సహా లాగేస్తోంది. ఆమె లాగి పక్కన పడేసిన మొక్కల్ని అతను ఆమె చూడకుండా మళ్లీ మట్టిలో నిలబెట్టి వేలితో అదుముతున్నాడు.

సురంగల్ ఊరి చివర ఉన్న ఆ మడి ఆనంద్ బాబుది. ఒకప్పుడు సంగమ్మ మామది. చేతులు మారి ముప్పై ఏళ్లయింది. సంగమ్మకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఆ ముప్పై ఏళ్లు ఆమె తలలోంచి జారిపోయాయి. తెల్లవారగానే కోడలు కళ్లుగప్పి వచ్చి మడిలో దిగుతుంది. లేవమంటే ఏడుస్తుంది, చెయ్యి పడితే అరుస్తుంది.

"నూరుకు ఫోన్ చేస్తే పోలీసోళ్లు వస్తరనుకున్న," అన్నాడు గట్టు మీద నిలబడ్డ ఆనంద్ బాబు. "మిమ్మల్ని పంపిండ్రు. మీరేమో కూలికొచ్చినట్టు గడ్డి తీస్తున్నరు."

"జర ఆగు పటేలా. ఈ సాలు ఒడవనీ," అన్నాడు మాణిక్యం తలెత్తకుండానే.

సాలు అయిపోయింది. సంగమ్మ నడుం పట్టుకుని వెనక్కి చూసుకుంది. ముఖంలో పని తీరిన తృప్తి కనిపించింది.

"ఎండ ఎక్కుతున్నదవ్వా. ఇంటికి పోయి అంబలి తాగుదామా?" అన్నాడు మాణిక్యం.

"నువ్వెవరింటోనివి కొడుకా? మంచిగ తీసినవ్ గడ్డి," అంటూ సంగమ్మ చెయ్యి చాచింది. అతను ఆ చెయ్యి పట్టుకుని లేపాడు. ఇద్దరూ గట్టు మీదుగా నెమ్మదిగా ఇంటికి నడిచారు.

సంగమ్మను కోడలికి అప్పగించి వ్యాను దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. తెల్ల వ్యాను. దానికి సైరన్ లేదు, పైన లైటు లేదు. తలుపు మీద 'తోడు' అని నీలం అక్షరాలతో రాసి ఉంది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఆ పని మొదలై ఆరు నెలలు. ఎవరి చేతిలోనూ కత్తి లేదని, ఎవరికీ దెబ్బ తగల్లేదని తెలిస్తే కంట్రోల్ రూమ్ వాళ్లు పోలీసు జీపుకు బదులు ఈ వ్యానుకు ఫోన్ చేస్తారు. వ్యానులో ముగ్గురుంటారు. వర్షిత నర్సు చదువు చదివింది, ఇరవై ఏడేళ్లది. బండి నడిపేది సాలోమోను. మూడో మనిషి మాణిక్యం. ఆర్టీసీలో కండక్టరుగా ఇరవై తొమ్మిదేళ్లు చేసి రిటైరయ్యాడు. నలభై రోజుల శిక్షణ ఇచ్చారు. ఎదుటి మనిషి కంటే ఎత్తులో కూర్చోకూడదని, సలహాలు ఇవ్వకూడదని, తొందరపెట్టకూడదని చెప్పారు. మొదటి రెండూ అతనికి బస్సులో తెలియని విషయాలు. మూడోది బస్సులో అసలు కుదరని పని.

చూడ్డానికి అతనిలో ఏ ప్రత్యేకతా లేదు. తోలు సంచి పట్టీ ఇరవై తొమ్మిదేళ్లు వేలాడిన కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి వాలి ఉంటుంది. నేల మీద నిలబడ్డా పాదాలు ఎడంగానే పెడతాడు, బండి కుదుపుకు సిద్ధంగా ఉన్నట్టు. తెల్లవారి ఐదింటికి లేచి, హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో మొయినాబాద్ వస్తాడు. ఆటో ఎక్కగానే లోపల ఎందరున్నారో అతని కళ్లు వాటంతట అవే లెక్కపెట్టేస్తాయి. భార్య ప్రమీలమ్మ అది చూసి నవ్వుతుంది. కొడుకు నిఖిల్ చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీకి వెళ్తాడు. రిటైరైన మనిషి మళ్లీ ఈ తిరుగుడెందుకని ఇద్దరూ అడిగారు. "ఊకె కూసోబుద్ధయితలే," అని మాత్రం అన్నాడు.

బకెట్ నీళ్లతో చేతులు కడుక్కుంటూ ఎడమ భుజం రుద్దుకున్నాడు. వర్షిత చూసింది.

"ఏమైంది అంకుల్? చెమటలు పడుతున్నయి."

"గడ్డి పీకి ఎన్నేండ్లాయె బిడ్డా. పట్టేసింది."

"కూసోండ్రి, బీపీ చూస్త."

"మాపటికి చూద్దువు తియ్," అంటుండగానే ఫోన్ మోగింది.

ఫోన్ చేవెళ్ల నుంచి. మార్కెట్ వెనక కాలనీలో ప్రగతి అనే అమ్మాయి పొద్దున ఎనిమిదింటికి గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది. పిలిస్తే పలకడం లేదు. ఇంట్లో ఉండాల్సిన పురుగుల మందు డబ్బా కనిపించడం లేదు. పక్కింటివాళ్లు ఫోన్ చేశారు.

వెడల్పు చేస్తున్న రోడ్డు మీద దుమ్ములో సాలోమోను బండిని ఎంత తోలగలడో అంత తోలాడు.

వాళ్లు వెళ్లేసరికి గేటు దగ్గర జనం ఉన్నారు. కానిస్టేబుల్ భూపాల్ దగ్గరలోనే ఉండి వీళ్లకంటే ముందు వచ్చాడు. చేతిలో గునపం ఉంది. వరండాలో ప్రగతి భర్త రంజిత్ గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ట్రాలీ ఆటోలో కూరగాయలు తోలుతాడు. చొక్కా మీద టమాట మరకలున్నాయి. అత్త సుగుణమ్మ మూసిన తలుపు ముందు కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"పలగ్గొడ్దామా?" అన్నాడు భూపాల్.

"లోపట గడియ తియ్యనీకి ఆమెకు ఓపికున్నదో లేదో ముందు ఇందాం అన్నా," అన్నాడు మాణిక్యం. చెప్పులు విప్పి తలుపు దగ్గరికి వెళ్లి చెవి పెట్టాడు. లోపల గాజుల చప్పుడు వినిపించింది. మనిషి కదులుతోంది. వెనక్కి వచ్చి భూపాల్ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు జర గేటు అవుతల ఉంటవా? కిటికీల కెళ్లి ఖాకీ కనిపిస్తే బెదురుతది."

"అర్ధగంట చూస్త మాణిక్యమన్నా. తర్వాత నా చేతుల ఉండది. మీదికెళ్లి ఫోన్లొస్తయి."

"సరే."

భూపాల్ గునపం గోడకు ఆనించి, జనాన్ని వెనక్కి తోలుకుంటూ బయటికి వెళ్లాడు. వర్షిత సుగుణమ్మను లేపి, రంజిత్‌ను కూడా పిలుచుకుని వాకిట్లోకి తీసుకెళ్లింది. అక్కడ కూర్చోబెట్టి మెల్లగా అడిగింది. నాలుగు నెలల కిందట ప్రగతికి ఏడో నెలలో బిడ్డ చనిపోయి పుట్టింది. ఆడపిల్ల. తల్లికి చూపించకుండానే తీసుకెళ్లారు. చూస్తే తట్టుకోలేదని అందరూ అనుకున్నారు. ప్రగతి తన చేత్తో కుట్టిన రెండు చిన్న గౌన్లు బీరువాలో ఉండిపోయాయి. నిన్న సుగుణమ్మ వాటిని నిండు గర్భిణిగా ఉన్న తన కూతురికి ఇచ్చేసింది. "కండ్ల ముంగట ఉంటే దుఃఖం పోదని ఇచ్చిన బిడ్డా. పాపిష్టిదాన్ని, అడగకుంట ఇచ్చిన," అని సుగుణమ్మ తల కొట్టుకుంది.

వర్షిత వచ్చి ఆ సంగతి మాణిక్యం చెవిలో చెప్పింది. అతను తలూపాడు. తలుపు పక్కన గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, నా పేరు మాణిక్యం. పోలీసును కాను. డాక్టరును కాను. తలుపు తియ్యమని అడగ. ఇక్కడ కూసుంట, అంతే."

పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. ఈగ ఒకటి అతని మోకాలి మీద వాలింది. అర్ధగంట దాటినా భూపాల్ లోపలికి రాలేదు. గేటు బయట బైకు మీద కూర్చుని, ఫోన్ మోగినప్పుడల్లా "మాట్లాడుతున్నరు సార్, మాట్లాడుతున్నరు," అంటున్నాడు. నిజానికి అప్పటిదాకా ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

"ఇంకా ఉన్నవా?" అంది లోపలి గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు అది.

"ఉన్న."

"ఎందుకు?"

"నా డ్యూటీయే ఇది బిడ్డా. కూసునుడు."

లోపల మళ్లీ గాజులు కదిలాయి.

"అంతకుముందు ఏం కొలువు చేస్తుంటివి?"

"బస్సు కండక్టర్ను. మెహదీపట్నం, చేవెళ్ల రూటు."

"నేను ఇంటర్ కాలేజీకి దాంట్లనే పోయేదాన్ని," అంది ప్రగతి. కొంచెం ఆగి, "పాస్ మర్చిపోతే దింపేసేటోళ్లు మీరు," అంది.

"దింపిన. శానమందిని దింపిన."

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సాలోమోను వ్యానులోంచి మాణిక్యం టిఫిను డబ్బా తెచ్చి, చప్పుడు కాకుండా పక్కన పెట్టి వెళ్లాడు. మాణిక్యానికి ఆకలి లేదు. కడుపులో ఏదో వికారంగా ఉంది. అయినా మూత తీశాడు. రెండు జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఉల్లిగడ్డ ముక్క ఉన్నాయి.

"తిన్నవా బిడ్డా?"

"లే."

"నేను గూడ తినలే. కిటికీ రెక్క జర తీస్తే నీకొకటి ఇస్త. చూడ. మొకం అటు తిప్పుకుంట."

పక్కనున్న కిటికీ రెక్క నాలుగు వేళ్లంత తెరుచుకుంది. అతను ముఖం తిప్పుకుని, డబ్బా మూతలో ఒక రొట్టె పెట్టి ఊచల మధ్య నుంచి లోపలికి జరిపాడు. లోపలి చెయ్యి దాన్ని అందుకుంది. రెక్క మళ్లీ దగ్గరగా వచ్చింది కానీ పూర్తిగా మూసుకోలేదు.

"ఏదన్న మాట్లాడు," అంది ఆమె. "ఊకె ఉంటే నాకు భయమైతున్నది."

ఏం మాట్లాడాలో శిక్షణలో చెప్పలేదు. తన నోటి నుంచి ఆ సంగతి ఎందుకు వచ్చిందో అతనికీ తెలియదు. ప్రమీలమ్మకు కూడా ఎన్నడూ చెప్పని సంగతి అది.

"ఒకాయన్ను దింపినంక నాకు నిద్ర పట్టలే బిడ్డా. పదకొండేండ్లాయె," అన్నాడు.

"ఎవరు?"

"కిటికీ పక్కన కూసున్నడు. ముప్పయ్యేండ్లుంటయి. తనల తనే మాట్లాడుకుంటున్నడు. నవ్వుతున్నడు, ఏడుస్తున్నడు. ఎవల్ని ముట్టలే, ఎవల్ని ఏమనలే. కానీ ఆడోళ్లు లేసి ఎనక్కి పోయిండ్రు. దింపు, దింపు అని బస్సంత లొల్లి. నేను డ్రైవర్‌కు చెప్పి ఠాణా ముంగట ఆపించిన. పోలీసోళ్లొచ్చి అంగీ పట్టుకుని గుంజుతుంటే ఆయన నా దిక్కు చూసిండు. 'అన్నా, నా స్టేజి వచ్చిందా?' అని అడిగిండు."

మాణిక్యం డబ్బాను పక్కకు జరిపాడు.

"వచ్చింది, దిగు అన్న," అన్నాడు మాణిక్యం. "అది ఆయన స్టేజి కాదు. నాకు తెలుసు. మెహదీపట్నం దాక టికెట్టు నేనే కొట్టిచ్చిన. అయినా వచ్చింది అన్న. నా మాట నమ్మి దిగిండు. వారం తర్వాత ఠాణాకు పోయి అడిగిన. ఇడిసిపెట్టినం అన్నరు. యాడికి పోయిండో ఎవలకూ తెల్వదు."

"పేరేంది ఆయనది?"

"అడగలే బిడ్డా."

వాకిట్లో సుగుణమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. అప్పుడు తలుపుకు లోపలి వైపు ఏదో ఆనింది. ప్రగతి కూడా వీపు ఆనించి కూర్చుందని అతనికి అర్థమైంది. ఇద్దరి మధ్యా తలుపు మాత్రమే ఉంది.

"నా పాప పేరు గూడ ఎవ్వలు అడగలే," అంది ఆమె. "మల్ల పుడ్తరు, మల్ల పుడ్తరు అంటరు. పుట్టినామెను ఎవ్వలు అడగరు."

"నువ్వేం పేరు పెట్టుకున్నవ్?"

"పెద్ద పేరు అనుకోలే ఇంకా. కడుపుల తంతుంటే... పింకీ, ఊకో అంటుంటి. ఆయనకు గూడ తెల్వదు."

"పింకీ," అన్నాడు మాణిక్యం.

లోపల ప్రగతి ఏడవడం మొదలుపెట్టింది. పొద్దుటి ఏడుపు కాదది. గొంతు విప్పి, నేల మీద అరచేతులు కొట్టుకుంటూ, ఆ పేరు పిలుస్తూ ఏడ్చింది.

అప్పుడు అతని ఛాతీ మీద ఎవరో బస్తా దించినట్టయింది. ఎడమ చెయ్యి వేళ్ల దాకా తిమ్మిరెక్కింది. వాకిట్లో వర్షిత ఇటు వీపు పెట్టి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని డాక్టరుతో మాట్లాడుతోంది. పిలిస్తే వినపడే దూరమే. పిలవాలనుకున్నాడు. పిలిస్తే వర్షిత పరుగెత్తుకొస్తుంది, సాలోమోను వస్తాడు, రంజిత్ వస్తాడు. తలుపు ముందు గందరగోళం అవుతుంది. నాలుగు నెలలుగా లోపల ఉండిపోయిన ఏడుపు ఇప్పుడిప్పుడే బయటికి వస్తోంది. కొంచెం ఆగి పిలుద్దామనుకున్నాడు. ఆమె జర కుదుటపడ్డాక. చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. గోడకు తల ఆనించాడు.

లోపల ఏడుపు మెల్లగా వెక్కిళ్లలోకి దిగింది. ప్రగతి ముఖం తుడుచుకుంది.

"ఆమె ముక్కు ఎవల తీరు ఉండెనో," అంది. "మా అత్తమ్మ చూసింది. చెప్పదు. నేను అడగలే. అడిగితే చెప్తదంటవా?"

జవాబు రాలేదు.

"బాపూ?"

ఎదురు చూసింది.

"బాపూ, పండుకున్నవా?"

పొద్దుటి నుంచి ఎప్పుడు పిలిచినా పలికిన గొంతు అది. ఇంకా ఉన్నవా అంటే ఉన్న అన్న గొంతు. ఆమె తలుపుకు చెవి పెట్టింది. శ్వాస కూడా వినిపించలేదు. కిటికీ రెక్క తోసి చూసింది. గోడ పక్కన చాచిన రెండు పాదాలు మాత్రమే కనిపించాయి. అవి ఎడంగా ఉన్నాయి, కదలడం లేదు.

ఆమె గొళ్లెం తీసి బయటికి వచ్చింది.

రంజిత్ "ప్రగతీ!" అని అరుస్తూ పరుగెత్తాడు. ఆమె అతన్ని చూడలేదు. నేల మీద కూలబడి, పక్కకు ఒరిగిపోతున్న మాణిక్యం తలను రెండు చేతులతో పట్టుకుంది. "నీళ్లు తేండ్రి! జల్ది! ఈయనకేదో అయింది!" అని కేక పెట్టింది. ఆరు గంటల తర్వాత ఆ ఇంట్లోవాళ్లతో ఆమె అన్న మొదటి మాట అది.

వర్షిత వచ్చి అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మీద రెండు చేతులతో ఒత్తసాగింది. భూపాల్ బైకు వదిలేసి పరుగున వచ్చి కాళ్లు పట్టాడు. వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టినప్పుడు ప్రగతి కూడా ఎక్కింది. ఎవరూ దిగమనలేదు. దవాఖాన దాకా వర్షిత ఒత్తుతూనే ఉంది. ప్రగతి అతని తలను ఒళ్లో పెట్టుకుని, "మాట్లాడు బాపూ, ఏదన్న మాట్లాడు," అంటూనే ఉంది. దవాఖానలో డాక్టరు ఇరవై నిమిషాలు చూసి, చేతి తొడుగులు విప్పేశాడు. సాలోమోను ఆ వరండాలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. వర్షిత బ్యాగులోంచి బీపీ మిషన్ తీసి, దాన్ని చూస్తూ నిలబడి, మళ్లీ లోపల పెట్టింది.

భూపాల్ కాగితం తీసుకుని రాయడానికి వచ్చాడు.

"నువ్వు ఆయనకేమైతవ్ అని రాయాలమ్మా?"

ప్రగతి కాసేపు ఆలోచించింది.

"ఏం కాను అన్నా. తలుపు అవుతల కూసున్నడు," అంది.

నిఖిల్ ఫ్యాక్టరీ దుస్తులతోనే తల్లిని బండి మీద తీసుకొచ్చాడు. ప్రమీలమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్లి చూసి, చొక్కా పై గుండీ పెట్టి బయటికి వచ్చింది. బెంచీ మీద ప్రగతి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి ఎవరో వర్షిత చెప్పింది.

"తిన్నడా?" అని అడిగింది ప్రమీలమ్మ.

"లేదమ్మా. నాకు ఒక రొట్టె ఇచ్చిండు. తనది తినలే."

"పొద్దున గూడ చాయి తాగే పోయిండు." ప్రమీలమ్మ చేతులు ఒడిలో పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకుంది. "నువ్వన్న తిన్నవా బిడ్డా?"

ప్రగతి తల అడ్డంగా ఊపింది. అప్పుడు ప్రమీలమ్మకు ఏడుపు వచ్చింది. ప్రగతి ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుంది.

పొద్దు వాలుతుండగా రంజిత్ ప్రగతిని ఇంటికి తీసుకొచ్చాడు. గదిలో మంచం కింద మందు డబ్బా మూత సీలు తియ్యకుండా అలాగే ఉంటే వర్షిత దాన్ని తీసుకుని, రేపు పొద్దున వస్తానని, వచ్చేదాకా ఆమెను ఒంటరిగా వదలొద్దని చెప్పి వెళ్లింది. వరండాలో, మాణిక్యం కూర్చున్న చోట, ఎవరూ కాలు పెట్టకుండా చుట్టు తిరిగి నడిచారు.

కిటికీ గూట్లో మూతలో రొట్టె ఎండి అంచులు పైకి లేచాయి. ప్రగతి నిలబడే దాన్ని తుంచి తుంచి తింది. గట్టిగా ఉంది. చివరి ముక్క దాకా నమిలి మింగింది. తర్వాత మూతను నల్లా కింద పెట్టి బూడిదతో తోమింది. కారం నూనె పోయాక, స్టీలు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనిపించాయి. 'ప్రమీల' అని, దాని కింద ఒక పెళ్లి తేదీ.

సుగుణమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. దగ్గరికి రావడానికి జంకుతోంది.

"ఎవలదది?" అని మెల్లగా అడిగింది.

"ఆయన ఇంటోళ్లది. రేపు ఇచ్చి రావాలె."

"నేను గూడ వస్త."

ప్రగతి మూతను కిటికీ గూట్లో బోర్లించింది. దాని అంచు నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే జారి, ఎండిన సిమెంటు మీద చిన్న తడి వలయంగా పరుచుకున్నాయి.